కోరంగి నుంచి పోర్ట్ లూయీకి: మారిషస్ వలసదారిలో ఆరు రోజులు

మారిషస్ అనగానే ట్రావెల్ ఏజెంటు హనీమూన్ ప్యాకేజీ ఒకటి చేతిలో పెడతాడు. ఈ ఆరు రోజుల దారిలో బీచ్ దాదాపు లేదు. 1834 తర్వాత హిందూదేశం నుంచి కూలీలుగా వెళ్లినవాళ్లు ఆ ద్వీపంలో ఎలా దిగారు, అక్కడివాళ్లు వాళ్లను ఏ కంట చూశారు, చివరికి ఆ దేశం వాళ్లది ఎలా అయింది అన్నదే ఈ ప్రయాణం. తెలుగువాళ్లకు ఇందులో ఇంకో లెక్క కూడా ఉంది. కోరంగి రేవు నుంచి వెళ్లినందుకు అక్కడ మనవాళ్లకు చాలాకాలం ‘కోరంగీలు’ అనే పేరుండేది.

హైదరాబాద్ నుంచైనా విశాఖ నుంచైనా ముంబై వెళ్లి నేరు విమానం ఎక్కడం సులువు. మన పాస్‌పోర్టుకు ముందస్తు వీసా అక్కర్లేదు. తిరుగు టికెట్టు, బస చిరునామా చూపాలి, ఆన్‌లైన్ ప్రయాణ ఫారం ముందే నింపాలి. అక్కడి గడియారం మనకంటే గంటన్నర వెనక. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుపాన్ల కాలం. మూడో హెచ్చరిక వచ్చిందంటే బస్సులు ఆగిపోతాయి, దుకాణాలు మూస్తారు, ఆ రోజు ప్రణాళిక గల్లంతే. మే నుంచి అక్టోబరు మధ్య వెళ్లడం మేలు. బస రోజ్ హిల్‌లో పెట్టుకోండి. పోర్ట్ లూయీ నుంచి క్యూర్‌పిప్ దాకా 26 కిలోమీటర్లు వెళ్లే మెట్రో ఆ ఊరి మీదుగానే పోతుంది, రెడ్యూయి వైపు చీలే లైను కూడా అక్కడే మొదలవుతుంది. బుధవారం మొదలుపెట్టమనడానికి కారణం ఉంది. వలసదారుల రేవు ఆప్రవాసీ ఘాట్ ఆదివారం మూసి ఉంటుంది, మోకాలోని పాత వలస రిజిస్టర్ల గది వారాంతంలో తెరవరు, తెలుగు మందిరాల్లో జనం కనిపించేది ఆదివారమే.

మొదటి రోజు, బుధవారం: రేవు

బయల్దేరే ముందు జేబులోని నోట్లు ఒకసారి పరిచి చూడండి, ఆ దేశపు సర్దుబాటంతా అక్కడే అచ్చయి ఉంటుంది. 25 రూపాయల నోటు మీద చైనా సంతతి వ్యాపారి అ-చుయెన్, 50 మీద ఫ్రెంచి సంతతి పాతురో, 100 మీద తమిళ సంతతి న్యాయవాది రంగనాదన్ శ్రీనివాసన్, 200 మీద ముస్లిం నాయకుడు అబ్దుల్ రజాక్ మహమ్మద్, 500 మీద సుఖదేవ్ బిసూన్‌దయాళ్, 1000 మీద క్రియోల్ (ఆఫ్రికా బానిసల సంతతి) నాయకుడు గయతాన్ దువాల్, 2000 మీద స్వతంత్ర దేశపు తొలి ప్రధాని శివసాగర్ రాంగులాం. విలువ రాసిన భాషల వరుస కూడా గమనించండి: ఇంగ్లీషు, తమిళం, హిందీ. 1998లో కొత్త నోట్లు వేసినప్పుడు హిందీని తమిళం పైకి తెచ్చారు. తమిళులు వీధుల్లోకి వచ్చారు. ఆ నోట్లు వెనక్కి తీసుకుని పాత వరుసలోనే మళ్లీ అచ్చేయాల్సి వచ్చింది. తెలుగుకు ఆ వరుసలో చోటే లేదు.

మెట్రోలో విక్టోరియా స్టేషన్ దాకా వెళ్లి, అక్కడి నుంచి ఓడరేవు వెంబడి ఉత్తరంగా నడిస్తే ఆప్రవాసీ ఘాట్ వస్తుంది. ప్రవేశం ఉచితం. 1849లో కట్టిన వలస డిపోలో ఇప్పుడు మిగిలింది 1,640 చదరపు మీటర్లు. మిగతాదంతా రోడ్డు కిందా కొత్త కట్టడాల కిందా పోయింది. 1834 నుంచి 1920 వరకు దాదాపు 5 లక్షల మంది కూలీలు ఈ ద్వీపానికి వచ్చారు. కొందరిని ఇక్కడి నుంచే రీయూనియన్‌కూ, ఆఫ్రికాకూ, కరీబియన్ దీవులకూ పంపారు. 2006లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

లోపల తొందరపడకండి. ముందు 2014లో తెరిచిన బిక్రమ్‌సింగ్ రామ్‌లల్లా కేంద్రం చూసి, తర్వాత శిథిలాల్లోకి వెళ్లాలి. తిరగేసి వెళితే కనిపించేవి రాళ్లే. ఓడ దిగినవాళ్లు ఎక్కిన మెట్లు నల్లరాతివి. సముద్రాన్ని పూడ్చి రేవును ముందుకు జరపడంతో ఇప్పుడు ఆ మెట్ల కింద అలలు తగలవు. పైన కాపలాదారు గది, ఆసుపత్రి గదులు, వంటశాల, మరుగుదొడ్ల పునాదులు ఉంటాయి. వచ్చినవాళ్లను రెండు మూడు రోజులు ఇక్కడే ఉంచేవాళ్లు. పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, ఒంటి మీది మచ్చ, ఊరు, జిల్లా, కులం, ఓడ రాసుకుని ఒక నంబరు ఇచ్చేవాళ్లు. అక్కడి నుంచి ఆ మనిషి పేరుతో కాక నంబరుతోనే చలామణి అయ్యేవాడు. ఓడలో కలరా గాని మశూచి గాని కనిపిస్తే రేవుకు రానిచ్చేవాళ్లు కాదు, ఉత్తరాన ఫ్లాట్ దీవిలో క్వారంటైన్‌లో దించేవాళ్లు.

ఒప్పందం అయిదేళ్లు. మగవాడికి నెలకు 5 రూపాయలు, పైన బియ్యం, పప్పు, ఉప్పు, నూనె, ఏడాదికి బట్టలు. కాగితం మీద సంగతులివి. జీతాలు నెలల తరబడి బకాయి పడేవి. ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవాళ్లు. జ్వరంతో పడుకున్నవాడు నెలాఖరుకు తానే బాకీ తేలేవాడు. ఇలాంటి ఫిర్యాదులు పెరిగి 1839లో హిందూదేశ ప్రభుత్వం వలసలే ఆపేసింది. చెరకు మిల్లులు ఆగిపోయే స్థితి రావడంతో 1842లో మళ్లీ తెరిచారు.

మధ్యాహ్నం రేవు ఎదుటి సందుల్లో డోల్ పూరీ తినండి. మన బొబ్బట్టులో బెల్లం తీసేసినట్టుంటుంది. పప్పుపిండి మధ్యలో కూరిన పల్చటి రొట్టె, లోపల బీన్సు కూర, టమాటా రుగాయ్ (గుజ్జు కూర), పచ్చడి. జత లెక్కన అమ్ముతారు. ఒకటి అడిగితే అమ్మేవాడు వింతగా చూస్తాడు. ఇవ్వాళ అది ఏ ఒక్క జాతి తిండీ కాదు, చైనావాళ్లూ క్రియోల్‌వాళ్లూ అదే వరుసలో నిలబడతారు.

రెండో రోజు, గురువారం: పోర్ట్ లూయీలోనే

ఉదయం పాత సైనిక ఆసుపత్రిలో 2023లో తెరిచిన ఇంటర్‌కాంటినెంటల్ స్లేవరీ మ్యూజియం చూడాలి. కూలీల చరిత్ర చూసి బానిసల చరిత్ర వదిలేసే తెలుగు యాత్రికులే ఎక్కువ. అది సగం చదివినట్టే. 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయింది. యజమానులకు బ్రిటిష్ ఖజానా నుంచి 20 లక్షల పౌండ్లకు పైగా పరిహారం వచ్చింది, బానిసలకు దమ్మిడీ రాలేదు. వాళ్లను ‘శిక్షణ’ పేరుతో 1839 దాకా అదే తోటల్లో కట్టేశారు. విడుదల కాగానే వాళ్లు తోటలు వదిలి వెళ్లిపోయారు. ఆ ఖాళీలో, పరిహారం డబ్బుతో, మనవాళ్లను దించారు. కొత్తగా వచ్చినవాడి చౌక కూలి పాతవాడి బేరాన్ని దెబ్బతీసింది. ఇవాళ్టికీ క్రియోల్ ఇళ్లలో ఆ సంగతి మరిచిపోలేదు. 1999 ఫిబ్రవరిలో కయా అనే క్రియోల్ గాయకుడు పోలీసు కస్టడీలో చనిపోయినప్పుడు దేశం రోజుల తరబడి మండింది. ‘ఇంద్రధనుస్సు దేశం’ అన్న ప్రచారం చదివేటప్పుడు ఇది కూడా గుర్తుండాలి.

తర్వాత బస్సులో గ్రాండ్ రివర్ నార్త్ వెస్ట్. బస్సులో కండక్టరుకు చిల్లర ఇవ్వండి, తనిఖీ ఉంటుంది కాబట్టి టికెట్టు దిగేదాకా దాచండి. నది పక్కన 1864 నాటి వేగ్రెంట్ డిపో (దిమ్మరుల నిర్బంధశాల) ఉంది. ఒప్పందం ముగిసిన కూలీని ‘పాత వలసదారు’ అనేవాళ్లు. 1867 చట్టం ప్రకారం అతను ఫొటో అంటించిన టికెట్టూ పోలీసు పాసూ ఎప్పుడూ దగ్గర పెట్టుకోవాలి. తన జిల్లా దాటి చుట్టాలింటికి వెళ్లినా పాసు లేకపోతే దిమ్మరి కింద లెక్కగట్టి ఈ డిపోలో పడేసేవాళ్లు. ఫొటో ఖర్చు కూడా అతనిదే. ఉద్దేశం సుస్పష్టం: బయట బతకడం అంత కష్టం చేస్తే మళ్లీ తోటకే వచ్చి ఒప్పందం మీద వేలిముద్ర వేస్తాడు.

దీన్ని కదిలించింది అడాల్ఫ్ ద ప్లెవిత్జ్ అనే ఐరోపా సంతతి తోటదారు. 1871లో ఆయన తయారుచేసిన అర్జీ మీద 9,401 మంది పాత వలసదారుల సంతకాలున్నాయి. తోటి యజమానులు ఆయన్ను నడివీధిలో కొట్టారు. అర్జీ ఫలితంగా 1872లో రాయల్ కమిషన్ వచ్చింది, 1878లో కార్మిక చట్టం మారింది. తోటదార్లు స్వాగతించారని ఎవరైనా రాస్తే నమ్మకండి. మార్పు అర్జీతోనూ విచారణతోనూ వచ్చింది.

సాయంత్రం ప్లాస్ దార్మ్ చివర గవర్నమెంట్ హౌస్, దాని వెనక పార్లమెంటు. మారిషస్ రాజ్యాంగం జనాన్ని నాలుగు డబ్బాల్లో పెట్టింది: హిందువు, ముస్లిం, చైనా సంతతి, ఈ మూడింట్లో చేరనివాళ్లంతా ‘సాధారణ జనాభా’. ఎన్నికైన 62 మందిలో ఏ సమాజానికైనా చోటు తగ్గితే ‘బెస్ట్ లూజర్’ పద్ధతిలో ఓడినవాళ్లలోంచి మరో 8 మంది దాకా చేరుస్తారు. లెక్కకు వాడేది ఇప్పటికీ 1972 జనాభా లెక్కలే, ఆ తర్వాత జనగణనలో సమాజం పేరు అడగడం మానేశారు. అభ్యర్థి తన సమాజం పేరు రాయకపోతే నామినేషన్ చెల్లకపోవడం అన్యాయమని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ 2012లో తేల్చింది. రాజ్యాంగం దృష్టిలో తెలుగు, తమిళ, మరాఠీలంతా ‘హిందువు’ డబ్బాలోనే. దక్షిణాది సమాజాలు దశాబ్దాలుగా విడి గుర్తింపు అడుగుతూ రావడానికి మూలం అక్కడుంది.

మూడో రోజు, శుక్రవారం: ఉత్తరం

ఈ రోజుకు టాక్సీ మాట్లాడుకోవడమే నయం, బస్సులు మారుతూ తిరిగితే సగం రోజు పోతుంది. ఎక్కేముందే మొత్తం రోజుకు ధర ఖాయం చేసుకోండి, మీటరు ఉంటుందని నమ్మకండి.

బార్లో దగ్గర ఆంత్వానెత్ తోటలో చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. కానీ 1834 సెప్టెంబరు 10న కలకత్తాలో ఒప్పందం చేసి, నవంబరు 2న అట్లాస్ ఓడ దిగిన 36 మంది కూలీలు వచ్చింది ఇక్కడికే. నవంబరు 2 ఇప్పుడు జాతీయ సెలవు. అక్కడి నుంచి బో ప్లాన్‌లో పాత చక్కెర మిల్లును మ్యూజియంగా మార్చిన లావెంత్యూర్ ద్యు సుక్ర్ చూడండి. టికెట్టు ఖరీదైనదే, రెండు గంటలైనా కేటాయించాలి. పక్కనే పాంప్లమూస్ తోట. పెద్ద తామరాకుల కోసం వెళ్లేవాళ్లు వెళ్లొచ్చు, ఈ ప్రయాణానికి అది తప్పనిసరి కాదు.

బెల్ వ్యూ అరెల్ దగ్గర మాత్రం ఆగాలి. 1943 సెప్టెంబరు 27న కూలి పెంచమన్న చెరకు కార్మికుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయినవాళ్లలో గర్భిణి అంజలై కుప్పన్ ఉంది. పక్కనున్న స్టేడియానికి ఆమె పేరే పెట్టారు.

దారి పొడవునా చెరకు పొలాల మధ్య నల్లరాళ్ల గుట్టలు కనిపిస్తాయి. పొలం శుభ్రం చేసి రాళ్లు ఏరి పేర్చింది కూలీలే. 1870ల తర్వాత చక్కెర ధర పడిపోయి తోటదార్లు అంచుల్లోని రాతి నేలలు ముక్కలు చేసి వాయిదాల మీద అమ్మేశారు. కొన్నది పాత వలసదారులు. ఆ రెండెకరాలే వాళ్ల బతుకు మార్చాయి. భూమి ఉన్నవాడు పాసు కోసం పోలీసు ముందు నిలబడడు, పిల్లను పొలానికి కాక బడికి పంపగలడు. చిల్లర కొట్టు నడిపే చైనా వ్యాపారి చక్కెర పంట వచ్చేదాకా ఖాతా పుస్తకంలో రాసుకుని అప్పిచ్చేవాడు. బ్యాంకు గడప తొక్కలేని ఊళ్లలో పంట నుంచి పంట దాకా సరుకు ఆ పుస్తకం మీదే నడిచింది.

నాలుగో రోజు, శనివారం: గంగా తలావ్, లె మోర్న్

పీఠభూమి మీద చలి, వాన. స్వెట్టరు, గొడుగు తప్పనిసరి. గ్రాండ్ బాసాన్ సరస్సుకు 1898లో తొలి శివరాత్రి యాత్ర జరిగింది. 1972లో గంగాజలం తెచ్చి కలిపాక అది గంగా తలావ్ అయింది. 108 అడుగుల శివుడి విగ్రహం దూరం నుంచే కనిపిస్తుంది. మామూలు రోజుల్లో నేరు బస్సులు బహు తక్కువ, క్యూర్‌పిప్ నుంచి టాక్సీ తీసుకోండి. శివరాత్రికి వెళ్లేవాళ్లకు మరో మాట. వెదురుతో కట్టిన కావళ్లు ఇళ్లంత ఎత్తు కడుతున్నారు. 2024లో అలాంటిదొకటి కరెంటు తీగలకు తగిలి ఆరుగురు చనిపోయారు. ఎత్తైన కావడి పక్కన నడవకండి.

అదే టాక్సీలో నైరుతి కొసకు దిగితే లె మోర్న్ కొండ. పారిపోయిన బానిసలు దాక్కున్న చోటు, 2008 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. కొండెక్కే దారి పైభాగం నిటారు రాయి, వాన పడితే మూసేస్తారు. కింది స్మారకం చాలు.

ఐదో రోజు, ఆదివారం: తెలుగువాళ్లు

మధ్యాహ్నానికే దుకాణాలు మూస్తారు, పల్లెలకు బస్సులు సాయంత్రం తొందరగా ఆగిపోతాయి. పొద్దున్నే బయల్దేరాలి. మారిషస్ ఆంధ్ర మహాసభకు ఊరూరా శాఖలున్నాయి. ముందుగా రాసి, ఏ మందిరంలో కార్యక్రమం ఉందో కనుక్కుని వెళ్లడం మర్యాద.

1832-33 నాటి డొక్కల కరువు గోదావరి, కృష్ణా, గుంటూరు సీమల్లో ఊళ్లకు ఊళ్లనే ఖాళీ చేసింది. 1839 నవంబరులో తుపాను కోరంగి రేవునే మింగేసింది. తర్వాత గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి జనం ఎక్కువగా బయల్దేరారు. అందుకే మందిరంలో తిరుపతి వెంకన్నతో పాటు సింహాద్రి అప్పన్న పూజ అంత గట్టిగా నిలిచింది. అమ్మోరు పండుగ చేస్తారు. రామభజనమైతే ప్రత్యేకం: దీపస్తంభం వెలిగించి దాని చుట్టూ తిరుగుతూ రాత్రంతా పాడతారు. ఉత్తరాంధ్ర పల్లెల భజనలు తెలిసినవాళ్లకు ఆ దరువు వెంటనే పట్టుబడుతుంది.

పాట అయ్యాక మాట్లాడబోతే సంగతి వేరు. దేశంలో పదిమందిలో తొమ్మిదిమంది దాకా ఇంట్లో మాట్లాడేది క్రియోల్ భాష. తెలుగు గుడిలోనూ బడిలోనూ ఉంది, వంటింట్లో లేదు. మీరు గోదావరి యాసలో గడగడా మాట్లాడితే ఎదుటివారు నవ్వి ఊరుకుంటారు. నెమ్మదిగా, పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడండి, అర్థమవుతుంది. వాళ్లు నేర్చుకున్నది పాఠ్యపుస్తకపు తెలుగు. దాన్ని ఎగతాళి చేసే మనవాళ్లు ఏడెనిమిది తరాలు సముద్రం అవతల ఉండి తమ పిల్లలకు అక్షరాలు నేర్పగలరేమో ఆలోచించుకోవాలి.

ప్రాథమిక బడిలో హిందీ, ఉర్దూ, తమిళం, తెలుగు, మరాఠీ, చైనీస్, అరబిక్‌లలో ఒకటి ఎంచుకోవచ్చు, 2012 నుంచి క్రియోల్ కూడా. ఇది ఊరికే దక్కింది కాదు. ఆరో తరగతి పరీక్ష ర్యాంకులో ప్రాచ్య భాషల మార్కులు కలపాలా వద్దా అన్న తగువు 1995లో ఎన్నికలకే దారి తీసింది. అప్పటి పాలక పక్షానికి ప్రధాన ద్వీపంలో ఒక్క సీటూ దక్కలేదు.

సెలవులదీ అదే లెక్క. తమిళులకు కావడి, మరాఠీలకు వినాయక చవితి, చైనావాళ్లకు వసంత పండుగ, ముస్లింలకు ఈద్, తెలుగువాళ్లకు ఉగాది. అందరికీ సెలవే. ఉగాదికి దేశమంతా సెలవు ఇచ్చే దేశం బయట ఇంకోటి వెతకడం కష్టం. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు ఇక్కడే జరిగాయి. గుర్తింపు సమాజాల వారీగా, ఒక్కో సెలవు రూపంలో, ఒక్కో బడి పీరియడు రూపంలో వచ్చింది. దీనివల్ల చిన్న సమాజం మాయమైపోలేదు. ప్రతి మనిషీ ముందు తన డబ్బా చెప్పుకోవాల్సి రావడం దాని రెండో వైపు.

ఓటు వచ్చిన తీరూ చెప్పుకోవాలి. 1901లో గాంధీ దక్షిణాఫ్రికా నుంచి తిరిగొస్తూ ఇక్కడ కొన్నాళ్లు ఆగి, పిల్లల్ని చదివించండి, రాజకీయాల్లోకి రండి అన్నాడు. ఆయన పంపిన మణిలాల్ డాక్టర్ 1907లో వచ్చి కోర్టుల్లో కూలీల పక్షాన వాదించాడు. 1947 రాజ్యాంగంతో, ద్వీపంలో మాట్లాడే ఏదో ఒక భాషలో చిన్న వాక్యాలు చదివి రాయగలిగితే ఓటు వచ్చింది. ఆ ఏడాది పల్లెల్లో రాత్రి బడులు కిటకిటలాడాయి. 1948 ఎన్నికల్లో పాత తోటదార్ల పట్టు సడలింది. అందరికీ ఓటు 1959లో, స్వాతంత్ర్యం దండి యాత్ర మొదలైన తేదీకి సరిపడేలా 1968 మార్చి 12న.

ఆరో రోజు, సోమవారం: మోకా, రిజిస్టర్లు

రోజ్ హిల్ నుంచి రెడ్యూయి లైనులో వెళ్లి, అక్కడి నుంచి బస్సో టాక్సీయో పట్టుకుంటే మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ వస్తుంది. 1970లో పెట్టిన సంస్థ. వలస మ్యూజియం ఇక్కడే, డిపోలో రాసిన అసలు రిజిస్టర్లూ 1860ల నుంచి తీసిన ఫొటోలూ ఇక్కడే. రికార్డుల గదికి ముందే రాసి సమయం తీసుకోవాలి. పుస్తకాలు చేతికివ్వరు, సిబ్బంది వెతికి నకలు ఇస్తారు.

మారిషస్ చుట్టాల కోసం వెతికేవాళ్లూ, పూర్వీకుల ఊరు తెలుసుకోవాలనుకునే అక్కడివాళ్లూ చేసే పని ఒక్కటే. మీ తరం జనన పత్రంతో మొదలుపెట్టి, సివిల్ స్టేటస్ (జనన మరణాల నమోదు) ఆఫీసులో తండ్రిది, తాతది అలా వెనక్కి నడవాలి. ఏదో ఒక పత్రంలో పేరు పక్కన వలసదారు నంబరు తగులుతుంది. నంబరు దొరికితే రిజిస్టరు పుట దొరికినట్టే. నంబరు లేకుండా పేరుతో వెతికితే వందల్లో ఒకే పేరువాళ్లు వస్తారు.

పని చెడేది ఇక్కడ. గుమాస్తా ఇంటిపేరు రాసుకోలేదు. మనిషి పేరు, తండ్రి పేరు రాశాడు. తర్వాతి తరంలో తాత పేరే ఇంటిపేరుగా స్థిరపడింది. అప్పడు, అప్పన్న ఇవాళ అక్కడ ఇంటిపేర్లు. స్పెల్లింగు చెవికి వినపడినట్టు. అన్నదమ్ములిద్దరికీ రెండు రకాల స్పెల్లింగు ఉండటం మామూలే. ఎక్కిన రేవు ‘మద్రాసు’ అని ఉన్నంత మాత్రాన తమిళులని తేల్చేయకూడదు, తెలుగు జిల్లాల జనాన్నీ మద్రాసు డిపో నుంచే ఓడ ఎక్కించారు. తోటల్లోనైతే హిందూదేశం నుంచి వచ్చిన ఎవరినైనా ‘మలబార్’ అనేవాళ్లు, ఆ మాటకు ఆధారం విలువ లేదు.

జిల్లా పేరు చదివేటప్పుడు ఆనాటి పటం పక్కన పెట్టుకోండి. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం 1979లో ఏర్పడ్డాయి. రిజిస్టర్లో వాటి కోసం వెతికితే దొరకవు, విశాఖపట్నం లేదా గంజాం కింద చూడాలి. 1859కి ముందు రాజమండ్రి, మచిలీపట్నం జిల్లాలు ఉండేవి. గోదావరి, కృష్ణా అన్న పేర్లు ఆ తర్వాతివి. ఊరు పేరు కొత్తపేట, కొత్తూరు అని ఉంటే అలాంటివి పదుల్లో ఉంటాయి. పక్కనున్న తాలూకా లేదా ఠాణా గడి నింపి ఉందో లేదో నకలు తీసుకునేటప్పుడే చూసి అడగాలి, ఇంటికొచ్చాక అడిగితే మళ్లీ నెలలు పడుతుంది.

2024 మార్చిలో భారత ప్రభుత్వం మారిషస్‌లోని భారత సంతతివారికి ఏడో తరం దాకా ఓసీఐ (విదేశాల్లోని భారత సంతతివారికి ఇచ్చే గుర్తింపు) కార్డు ఇస్తామని ప్రకటించింది. దాని కోసం అడిగే రుజువులకు మూలం కూడా ఈ రిజిస్టర్లే కాబట్టి, ఈ పని పెట్టుకున్నవాళ్లు సోమవారం ఒక్కరోజులో ముగుస్తుందని అనుకోకూడదు. పత్రాల జిరాక్సులు రెండేసి సెట్లు, తెలిసిన స్పెల్లింగులన్నీ ఒక కాగితం మీద, తోట పేరు తెలిస్తే అదీ, అన్నీ ముందే మెయిల్లో పంపి, సమాధానం వచ్చాకే విమానం టికెట్టు కొనండి.